గడియ వేయని ఇల్లాలు

మా నిఘంటువులో ఒక మాట చేరాలంటే ముగ్గురు వేర్వేరు మనుషులు దాన్ని ఎక్కడో కాగితం మీద రాసి ఉండాలి. మేము అడిగి రాయించుకున్నది చెల్లదు. న్యూఫౌండ్‌లాండ్ దీవి మగవాళ్ళు ఓడ దినచర్య పుస్తకాల్లో మంచు గురించీ కాడ్ చేప గురించీ తెగ రాశారు. ఒక్క మంచుకే మా ఆఫీసులో రెండు పెట్టెల చీటీలున్నాయి. వంటింట్లో పుట్టిన మాటలకు మాత్రం దిక్కు లేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ట్రైఫీనా అనే పెద్దమ్మ ఒకామె నాలుగు గంటలు బస్సులో కూర్చుని మా ఆఫీసుకు వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఆమె భర్త ఈలై నలభై ఏళ్ళ కిందట ఓడలో సీల్ జంతువుల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు.

"నేను పోతే సమాధి రాయి మీద ‘ఈలై విధవ’ అని చెక్కిస్తాడంట మా పాస్టరు. ఆయన పోయాడని నాకెవరు చెప్పారమ్మాయ్? ఎప్పుడొస్తాడోనని తలుపేసుకోకుండా ఉంటాం కదా, నాలాంటిదాన్ని మా రేవు ఆడోళ్ళం గడియ వేయని ఇల్లాలంటాం. అదే చెక్కించమన్నా. డిక్షనరీలో ఉంటే అట్లాగే చెక్కిస్తానన్నాడు."

"ఎవరైనా రాసిన కాగితం ఉందా పెద్దమ్మా?"

"మా అమ్మ ఉత్తరాల నిండా అదే మాట. ఆమె పోయినప్పుడు నా చేత్తోనే శవపెట్టెలో పెట్టా."

వాళ్ళ రేవులో అంతే. ఆడమనిషి పోతే ఆమె ఉత్తరాలు ఆమెతోనే పూడ్చేస్తారు, ఇంకొకరు చదవకూడదని.

"పోనీ ఇప్పుడు నేనే రాసిస్తా. పెన్నియ్యి."

"అలా కుదరదు పెద్దమ్మా."

"చేపకి నలభై పేర్లు రాసుకున్నారు, నాకొక్కటి రాయలేరా? చేపగా పుట్టినా బాగుండేది!" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎడిటర్ పెన్నీగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన చెడ్డవాడు కాదు. "జాలిపడి ఒక్క మాట చేరిస్తే రేపు మన పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు?" అన్నాడు.  ఆ మాట రాసిన కాగితాలేమైనా దొరుకుతాయేమోనని ఆ రేవుకు వెళ్ళి ఇంకో ఇద్దరు ముసలమ్మల్ని పట్టుకున్నాను. ఒకామెకు రాయడమే రాదు. రెండో ఆమె, ఉత్తరాలు చూపమనగానే నా మొహం మీదే తలుపు వేసింది.

మార్చిలో పాస్టరు ఫోన్ చేశాడు. పెద్దమ్మ పోయిందట. రాయి చెక్కే మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడట.

"ఆమెకు మాటిచ్చానమ్మా. ఆ మాట మీ డిక్షనరీలో ఉందా?"

ఉందంటే సరిపోయేది. ఆయన వచ్చి చూడబోడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పదకొండేళ్ళుగా ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం చేరకుండా చూడటమే నా బతుకు.

"లేదండీ."

 ఆయన నెమ్మదిగా అడిగాడు. "విధవ అన్న మాట ఉంది కదా?"

"ఉందండీ," అన్నాను.