గంజి కాఫీ

మా మరిది రాఘవేందర్ కాఫీ పెట్టడం చూడాలి మీరు. సత్యనారాయణ వ్రతానికి కూడా అంత తతంగం ఉండదు.

ముందు పొయ్యి మీద నీళ్లు. అవి తెర్లగానే దించి, ఒక నిమిషం వాటినే చూస్తూ నిలబడతాడు. తర్వాత గాజు గ్లాసు మీద తెల్లటి ప్లాస్టిక్ గరాటా ఒకటి పెడతాడు. గరాటా లోపల సన్నటి స్టీలు జాలీ, ఆ జాలీలో ఉప్మా రవ్వంత దొడ్డుగా కాఫీ పొడి. దాని మీద కాసిని నీళ్లు చిలకరించి, సెల్‌ఫోన్ చూసుకుంటూ ముప్పై దాకా లెక్కపెడతాడు. ఆ పైన నీళ్లు సన్నటి ధారగా, గుండ్రంగా తిప్పుతూ పోయాలట. ఆ ధార కోసం అటక మీదున్న కొమ్ముచెంబు దించాడు. మా ఆడబిడ్డ పెండ్లిలో అల్లుడి కాళ్లు కడిగిన చెంబు అది.

ఇంతా చేస్తే వచ్చేది గ్లాసెడు నల్లనీళ్లు. పాలు లేవు, చక్కెర లేదు. మా అత్త ఈదమ్మ ఒక్క గుక్క తాగి, మిగతాది పెరట్లో బచ్చలి పాదులో పోసింది.

"ఏందిరా ఇది? కడుపునొప్పికి పోసే కషాయం లెక్కుంది."

"నీకు తెల్వదమ్మ. బెంగుళూర్ల పెద్దపెద్దోళ్లు గిదే తాగుతరు. పూటకో వడగట్టే కాయితం వేసుడు, పారేసుడు లేదు. ఈ జాలీ కడుక్కుంట వాడుకుంటే పదేండ్లు వస్తది," అని నా వైపు తిరిగాడు. "వదినా, దీనికి సబ్బు పెట్టొద్దు. ఒట్టి నీళ్లతోని కడగాలె. యాదుంచుకో."

యాదుంచుకున్నాను. మూడు పూటలా తాగేది వాడైనా, కడిగేది నేనే కదా.

బెంగుళూరులో వాడు చేసింది ఒక ఆఫీసులో టీలు, కాఫీలు అందించే పని. అందులో తప్పేం లేదు, పని పనే. కానీ గద్వాలలో బస్సు దిగేసరికి అది 'కాఫీ ఇన్‌చార్జి' ఉద్యోగమైంది. ఆ ఆఫీసువాళ్లు కొత్త మిషను ఒకటి కొనుక్కుని, ఈ గరాటాను వాడికిచ్చారు, వాడిని మాకిచ్చారు.

నల్లనీళ్లు తాగి మూల కూర్చుంటే నాకేం బాధ లేదు. వాడు నా మగ్గం మీద కన్నేశాడు.

అది రెండువేల ఏడో సంవత్సరం. అంతకు ముందు చలికాలంలో మా ఆయన నర్సింహులు రాయచూర్ రోడ్డు మీద మోపెడ్‌తో పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ, చెయ్యి చెవి దాటి పైకి లేవదు. మగ్గంలో పేకపోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తాలంటే తాడు గుంజాలి. తాడు గుంజితే ఆయనకు కండ్లల్ల నీళ్లు తిరుగుతాయి. అందుకని మూడు నెలలుగా మగ్గం గుంతలో కూర్చుంటున్నది నేను. నేను రాజోలి నేతగాడి బిడ్డను. పదకొండేండ్లకే మా నాయిన నా చేతికి నాడె ఇచ్చాడు. ఈ ఇంటికొచ్చాక పదమూడేండ్లు నూలు చుట్టమన్నారు, నిలువు పోగుల పడుగుకు గంజి పెట్టమన్నారు గానీ నేయమని ఎవరూ అనలేదు. ఆయన భుజం విరిగితే గానీ నా చేతులు గుర్తుకు రాలేదు వీళ్లకు.

మా అత్తింట్లో ఒక కట్టడి ఉంది. మగ్గంలో కూర్చున్న మనిషిని లేపకూడదు. చుట్టం వచ్చినా, చావు కబురు వచ్చినా, తనంతట తాను లేచేదాకా ఎవరూ పిలవకూడదు. మా మామ బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత మా ఆయనకూ ఈ కట్టడి చక్కగా నడిచింది. ఆయన నేస్తుంటే మేం గిన్నె చప్పుడు కూడా చేసేవాళ్లం కాదు. నేను కూర్చున్నాక ఆ కట్టడి ఎక్కడికి పోయిందో! 'యమునా, చాయ్.' 'యమునా, బువ్వ పెట్టు.' 'వదినా, నా జాలీ కడిగినవా?' అరగంటకోసారి గుంతలోంచి లేచి, మళ్లీ దిగి, తెగిన పోగు వెతుక్కునేదాన్ని.

అయినా నేసుకునేదాన్ని. ఎందుకంటే ఆ నెలాఖరులో మా మగ్గం ఉండడమో, పోవడమో తేలాల్సి ఉంది.

బెంగుళూరులో చీరల దుకాణం నడిపే మేడం ఒకావిడ ఫోన్ చేసింది. ఏడాది పొడుగునా తనకే నేసిచ్చే ఇల్లు కావాలట. వచ్చి ఒక చీర చూస్తుందట, నచ్చితే అక్కడికక్కడే మాట ఇస్తుందట. నచ్చకపోతే ఏం చేయాలో మా ఆయన, మరిది కలిసి ముందే అనుకున్నారు. మగ్గం కర్రలు అమ్మేసి బెంగుళూరు పోవడమే. అక్కడేదో అపార్టుమెంటులో మా ఆయనకు వాచ్‌మెన్ పని, మెట్ల కింద ఒక గది. నాకు కూడా పని చూశాడు మహానుభావుడు. నాలుగిండ్లలో అంట్లు.

"కట్టెలను పట్టుకోని ఎన్నొద్దులు ఏడుస్తవ్ వదినా? అక్కడ నల్లా తిప్పితే నీళ్లు," అన్నాడు.

నల్లా నీళ్లు చూపించి నా మగ్గం అడుగుతున్నాడు.

ఆ చీర నేను కడుపులో పెట్టుకుని నేశాను. ఉల్లిపొర రంగు నూలు, చిలకపచ్చ పట్టు అంచు. అగ్గిపెట్టెలో పట్టేంత పల్చన అని మావాళ్లు గొప్పలు చెబుతారు చూడండి, అట్లాంటి గొప్పలు అవసరం లేని చీర. మడత విప్పి చూపిస్తే చాలు.

మేడం వస్తుందన్న ముందు రోజు మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"నేనే నేస్తున్ననని ఫోన్‌ల చెప్పిన. చెయ్యి పనిచేస్తలేదంటే ఆర్డర్ ఎవరిస్తరు? ఆడమనిషి నేసిందంటే నమ్ముతరా? రేపు జర నోరు మూసుకోని లోపల ఉండు."

"చీర నాది, పేరు నీదా?"

"పేరు ఎవరిదైతేంది? మగ్గం ఉండాల్నా, పోవాల్నా?"

ఆ మాటకు నోరు మూసుకున్నాను. మగ్గం ఉండాలి. ఆయనకు నా మెడ ఎక్కడ వంగుతుందో బాగా తెలుసు.

ఇక కాఫీ బాధ్యత రాఘవేందర్ నెత్తికెత్తుకున్నాడు. బెంగుళూరు మనిషికి మన చాయ్ ఇస్తే పరువు పోతుందట. ఒక్క గ్లాసు తన కాఫీ తాగితే ఆవిడ చీర చూడకుండానే ఒప్పుకుంటుందట. రాయచూరు పోయి కొత్త పొడి కూడా తెచ్చాడు. పదకొండు రోజులు నేనక్కడ నడుం విరిగేలా కూర్చుంటే, ఆర్డరు తెచ్చేది వీడి గరాటా! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట.

తెల్లవారింది. పెరట్లోంచి వాడి గావుకేక.

మా అత్త పొద్దున్నే లేచి అంట్ల గిన్నెల్లో ఆ జాలీని చూసింది. కాఫీ మరక పట్టి గోధుమరంగుకు తిరిగి ఉంది కదా, ముసలామెకు ప్రాణం ఒప్పలేదు. బూడిద, కొబ్బరిపీచు పెట్టి తళతళా తోమింది. జాలీ వెండిలా మెరుస్తోంది. మధ్యలో బొటనవేలు దూరేంత రంధ్రం.

"ఎంత గలీజు పట్టిందిరా! నీ పెండ్లాం ఉంటే గిట్ల పెట్టనిచ్చునా?" అంది మా అత్త, మెప్పు కోసం చూస్తూ.

వాడు జాలీని రెండు చేతుల్లో పట్టుకుని, సొంత మనిషి పోయినట్టు కూలబడ్డాడు. నాకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను. కానీ వాడు ఓడిపోయే రకమా? నేరుగా మగ్గం దగ్గరికి పోయాడు. కొత్త పడుగు ఎక్కించినప్పుడు, చీర మొదలుపెట్టే ముందు పోగులు సర్దుకోవడానికి జానెడు ఉత్త బట్ట నేస్తాం. ఆ ముక్కలు కోసి చీలకు తగిలించి ఉంటాయి. అందులోంచి ఒకటి లాగి, మూడు మూలలుగా మడిచి గరాటాలో పెట్టాడు.

"ఇగో, బట్ట జాలీ. ఇది గూడ కడిగి మళ్ల వాడుకోవచ్చు. జాలీ కంటె గిదే మంచిది, మా సార్ చెప్పేటోడు."

"అది గంజి బట్ట రాఘవేందర్. ఒక్క ఉడుకు ఉడకబెట్టి, ఉతికి పెట్టు," అన్నాను.

"ఒంటికి తగలని కొత్త బట్ట వదినా. దీనికంటే సాఫ్ ఏముంటది? కాఫీ సంగతి నీకేం తెలుసు?"

కాఫీ సంగతి నాకు తెలియదు, నిజమే. నేతింట్లో పుట్టిన మగపిల్లాడు పడుగుకు గంజి పెడతారని తెలియకుండా ముప్పై ఏండ్లు ఎట్లా పెరిగాడో కూడా నాకు తెలియదు. పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాను.

పదకొండింటికి మేడం ఆటో దిగింది. యాభై దాటిన మనిషి. నూలు చీర, చేతిలో గుడ్డ సంచి. చాప మీద కూర్చుని, "ముందు చీర చూద్దామా?" అంది.

"ముందు కాఫీ మేడం, మీకోసం స్పెషల్," అన్నాడు రాఘవేందర్.

"చాయ్ అయినా పర్వాగిల్ల," అంది ఆవిడ, వాళ్ల కన్నడం కలిపి.

చాయ్ చాలట! ఐదు నిమిషాల్లో పెట్టేదాన్ని. వాడు వింటేనా? కొమ్ముచెంబు తీసుకుని గుండ్రంగా తిప్పుతూ నీళ్లు పోశాడు. నీళ్లు గరాటాలోనే నిలబడ్డాయి. వేడికి గంజి కరిగి, బట్ట బిగుసుకుని, ఒక్క చుక్క కిందికి దిగదు. వాడు గరాటాను తట్టాడు, ఊదాడు, చెంచాతో కెలికాడు. అప్పుడు కొత్త కుండ చెమర్చినట్టు ఒక్కో చుక్క మొదలైంది.

అక్కడ మేడం ఎంతసేపని ఊరికే కూర్చుంటుంది? చీర మడత విప్పి, వెలుగుకు పట్టి, అంచు నూలుతో కలిసే చోట వేలితో తడిమింది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. తర్వాత లేచి మగ్గం దగ్గరికి నడిచింది. నేను సగం నేసి వదిలిన ఇంకో చీర ఉంది దాని మీద.

"కాఫీ వచ్చేదాకా కొంచెం నేసి చూపిస్తారా?" అని మా ఆయన్ను అడిగింది.

మా ఆయన వద్దనలేడు. గుంతలోకి దిగి కూర్చున్నాడు. తాడు గుంజాడు. నాడె సగం దారిలో ఆగింది. పండ్లు బిగించి మళ్లీ గుంజాడు. ఈసారి నాడె ఎగిరిపోయి గోడకు తగిలి కింద పడింది. చెమటలు కారుతున్నాయి మనిషికి. నాకు ఆయన మీద కోపం ఎంత ఉన్నా, ఆ భుజాన్ని చూడలేక తల తిప్పుకున్నాను.

"మగ్గం జర పాతది మేడం," అన్నాడు రాఘవేందర్ వంటింట్లోంచి. ఆడలేక మద్దెల ఓడు అన్నదట.

మేడం వదులుగా వేలాడుతున్న ఆయన పోగు చూసింది, దాని కింద నేసి ఉన్న బట్ట చూసింది. అప్పుడే వాడు గ్లాసు నా చేతిలో కుక్కి, ఇచ్చిరమ్మన్నాడు. తన కాఫీ అట్లా వచ్చేసరికి మొహం చెల్లక నన్ను ముందుకు తోశాడు, అంతే. తీసుకుపోయి ఇచ్చాను. ఆవిడ ఒక గుక్క తాగి, మింగలేక కక్కలేక నన్ను చూసింది.

"ఏంటమ్మా ఇది? కాఫీలో గంజి కలిపారా?"

నోరు మూసుకోమన్నారు. మూసుకుందామనే అనుకున్నాను. కానీ నేను అంత జాగ్రత్తగా పెట్టిన గంజి వాడి కాఫీలో తేలి నా ఇంటి పరువు తీస్తుంటే ఇంకేం మూసుకునేది?

"గంజే మేడం. మగ్గం బట్టను ఉడకబెట్టకుండ దాంట్ల వడగట్టిండు. పొద్దుగాల్నే చెప్పిన, వినలే."

"ఆ పడుగుకు గంజి పెట్టింది ఎవరు?"

"నేనే."

"నేసింది?"

మా ఆయన గుంతలోంచి నన్నే చూస్తున్నాడు. అబద్ధం బయటపడితే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే మగ్గం పోతుంది. అయినా చీర నాది కాదని ఎట్లా అంటాను?

"నేసింది గూడ నేనే. ఆయన చెయ్యి విరిగింది మేడం. మూడు నెలల సంది నేనే కూసుంటున్న."

ఆవిడ గ్లాసు గూట్లో పెట్టింది. "కూర్చో మరి," అంది.

మా ఆయన పైకి లేచాడు. నేను కింద పడ్డ నాడె తీసుకుని దిగాను. ఆయన వేసిన వదులు పోగు లాగేశాను. తర్వాత నాడె తన దారి తాను పట్టుకుంది. మేడం నా పక్కన గొంతుక్కూర్చుని చూస్తోంది. నాలుగు వేళ్ల బట్ట నేశానో లేదో, వెనక నుంచి రాఘవేందర్.

"వదినా, మేడంకు జర చాయ్ పెట్టరాదు?"

నా ఒళ్లు దానంతటదే లేవబోయింది. వాడి మాట కంటే, చెప్పిన మాట వినే నా మోకాళ్ల మీద వచ్చింది నాకు ఎక్కడలేని కోపం.

"ఆగు," అంది మా అత్త గడపలోంచి. "మగ్గంల ఉన్న మనిషిని లేపొద్దని ఎన్నిసార్లు చెప్పాలెరా మీకు? నర్సిమ్మా, పో, పొయ్యి సంగతి చూడు."

మూడు నెలలుగా రోజుకు పదిసార్లు నన్ను లేపిన మనిషి ఆమె. నా వైపు చూడకుండా పెరట్లోకి పోయింది.

చాయ్ మా ఆయన పెట్టాడు. అల్లం ఎక్కువైంది. మేడం రెండు గ్లాసులు తాగింది. రాఘవేందర్ మాత్రం ఇప్పటికీ బెంగుళూరులో చెప్పుకుంటాడట, తన కాఫీ తాగబట్టే ఆ మేడం వాళ్ల అన్నకు ఏడాది ఆర్డరు ఇచ్చిందని. చెప్పుకోనీ, మగ్గం నిలిచింది. గరాటా మాత్రం ఇక్కడే వదిలిపోయాడు. దాంతో సీసాలో కిరసనాయిలు పోసుకుంటున్నాం.

ఆ రోజు పోయే ముందు మేడం కాగితం తీసి రాసుకుంది. ఊరు రాసింది. చీర రంగు రాసింది. నేసినవారి పేరు దగ్గర కలం ఆపి మా ఆయన వైపు చూసింది.

ఆయన "యమున," అన్నాడు.

నా పేరు ఆయన నోట రోజుకు ఇరవైసార్లు వింటాను, ఏదో ఒకటి తెచ్చిపెట్టమని. ఏమీ అడగకుండా పలకడం అదే మొదటిసారి. నేను మగ్గం మీంచి తల ఎత్తలేదు. వెలుగు ఉండగానే ఇంకో జానెడు నేయాలి.