అరవై రెండు ఆయ్‌లు

కాలవ రేవులో పేరుకున్న చెత్త ఫోటో తీసి, "రేపు ఏడింటికి అందరం కలిసి తీసేద్దామాండీ?" అని కుసుమ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి అలాగేనంటూ ఆ ఊరి యాసలో అరవై రెండు ఆయ్‌లు వచ్చాయి.

"మనోళ్ళు పామొచ్చిందన్నా ఆయ్ అనే అంటారమ్మా," అని అత్తగారు వీరాయమ్మ నవ్వింది.

గుంటూరు నుంచి కోడలిగా వచ్చిన కుసుమకు ఎవరూ రాక నవ్వులపాలవుతానేమోనని భయం పట్టుకుంది. అయినా పొద్దున్నే గంప పట్టుకుని వెళ్ళింది.

గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. కొబ్బరికాయలు దింపే గెడలతో ఊరంతా వచ్చి చెత్త లాగుతోంది. కాపురానికొచ్చిన ఆరేళ్ళలో ఆమె ఎన్నడూ చూడని రాతిమెట్లు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. కుసుమ రెప్ప వేయడం మరిచిపోయింది.

"దిగుతారా అమ్మాయిగారూ, ఫోటోలేనా?" అని పక్కింటి అయ్యప్ప నీళ్ళలోంచి కేకేశాడు.

"ఆయ్," అంది కుసుమ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.