ఐదున్నర మిల్లీసెకన్లు

మూడోది కూడా కాలిందంటే ఇక కాయిల్‌ను, కారు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఆ డబ్బాను, అనడానికి లేదు, మొదటిది కాలితే దాని ఖర్మ అనుకుంది, రెండోది కాలితే తెచ్చినవాడి తప్పు అనుకుంది, ఈ మూడోది తనే వెళ్లి కొని, అట్టపెట్టె సీలు తన గోటితోనే చించి, మీటరు పెట్టి కొలిచి మరీ బిగించింది, అదీ పదకొండో రోజుకే పొట్ట ఉబ్బి, పగిలిన సందులోంచి నల్లటి జిగురు కార్చుకుంటూ బల్ల మీద పడి ఉంది, వాసన కూడా అచ్చం ఆ రెండింటిదే, చేతికి అంటితే సబ్బుకు లొంగదు, గుడ్డలో చుట్టి పక్కకు నెట్టింది, మళ్లీ విప్పి చూసింది, చూసినంత మాత్రాన అదేం చెబుతుంది, అటు చూడకూడదని అనుకుంటూనే తన కారు రిపేరు షాపులోంచి వీధికి అవతల ఉన్న టైర్ల షాపు వైపు చూసింది, తమ్ముడు గొంతుక్కూర్చుని ఎవరిదో చక్రం విప్పుతున్నాడు, వైరింగు తప్ప మరో పని ముట్టనని భీష్మించుకునే మనిషి, ముప్ఫై రెండేళ్ల వయసులో, పన్నెండు రోజులుగా పంక్చర్లు వేస్తున్నాడు, ఒక్కసారి కూడా ఇటు తలెత్తలేదు.

పదింటికి మాస్టారు వస్తానన్నాడు, కారు ఆయనదే, డ్రైవింగ్ స్కూలు కారు, నేర్చుకునేవాళ్లు నాలుగడుగులకు ఒకసారి ఆపేస్తారు, మళ్లీ తాళం తిప్పుతారు, ఆ బండి పడే పాట్లు పగవాళ్లకు కూడా వద్దు, పన్నెండు రోజుల కిందట కూడా మాస్టారు ఇదే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, రెండో కాయిల్ ఇలాగే బల్ల మీద ఉంది, ఆయన ముందే తమ్ముణ్ణి పట్టుకుని, ఎక్కడ కొన్నావురా ఈ చెత్త, డూప్లికేటు సరుకు తెచ్చి నా మొహాన కొడతావా, ఎంత మిగుల్చుకున్నావు ఇందులో అంది, అవును, ఆ ఆఖరి మాట కూడా అంది, ఎవరో కాదు, తనే అంది, వాడు అక్కా, ఆ టైము ఒకసారి అని ఏదో మొదలుపెట్టాడు, నాకు నేర్పకు అని నోరు నొక్కేసింది, వాడు చేతులు శుభ్రంగా తుడుచుకుని, గుత్తిలోంచి షాపు తాళంచెవి ఒక్కటీ తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు, మాస్టారు గోడ గడియారం వైపు చూస్తూ, పోనీలేమ్మా, ఇంట్లో మాట్లాడుకోండి అన్నాడు, ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు, వాడు ఫోనే ఎత్తడం లేదు.

ఆ టైము ఒకసారి, ఏ టైము, టైము అంటే డ్వెల్ టైమే అయ్యుండాలి, కాయిల్‌లోకి కరెంటు నిండనిచ్చే వ్యవధి, ఆమె నాలుగో కాయిల్ బిగించి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీకి మీటరు తగిలించింది, ఏ బండి వచ్చినా ముందు మీటరే, అందుకే వీధిలో అందరికీ ఆమె మీటరక్క, ఈ బండిని మాత్రం తెలిసిందే కదా అని ఇన్నాళ్లూ కాయిల్ వరకే కొలిచి వదిలేసింది, ముల్లు పద్నాలుగు వోల్టులు దాటి నిలబడింది, పద్నాలుగా, ఈ బండిలో ఎన్నడూ పన్నెండు కూడా నిలవలేదే, స్టార్టరు తిరిగేటప్పుడు తొమ్మిదిన్నరకు పడిపోయేది, అందుకే కదా తను ఆ డ్వెల్ అంకెను మూడు నుంచి ఐదున్నర మిల్లీసెకన్లకు పెంచింది, నీళ్లు సన్నగా వచ్చే కుళాయి కింద బకెట్టు నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది, ధారగా వస్తే తొందరగా నిండుతుంది, నిండాక కూడా కట్టకపోతే పొర్లుతుంది, బకెట్టులో పొర్లేది నీళ్లు, కాయిల్‌లో పొర్లేది వేడి, నిప్పురవ్వ మాత్రం కరెంటు నింపేటప్పుడు పుట్టదు, ఠక్కున కట్టేసినప్పుడే పుడుతుంది, కాబట్టి తెలివంతా ఎప్పుడు కట్టాలో తెలియడంలో ఉంది, కొత్త కార్లలో కంప్యూటరు వోల్టేజి చూసుకుని తనే సర్దుకుంటుంది, ఈ పాత కారుకు తాము బిగించిన ఎలక్ట్రానిక్ పెట్టెకు అంత తెలివి లేదు, దానికి ఒకటే అంకె, ఆ అంకె మనిషి పెట్టాలి, ఈ బకెట్టు కథ పదేళ్ల క్రితం పెరటి కుళాయి దగ్గర తమ్ముడికి చెప్పింది తనే, పద్నాలుగు వోల్టుల దగ్గర మూడుకే నిండిపోతుంది, మిగతా రెండున్నర ఊరికే మాడడమే, ప్రతి రవ్వకూ, నిమిషానికి వందలసార్లు, వెంటనే ఇంజను ఆపేసింది.

మరి బ్యాటరీ ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, షాపులో పద్ధతి ఒకటుంది, అది పెట్టింది కూడా తనే, ఏది మార్చినా తెల్ల టేపు మీద రాసి బానెట్ లోపల అంటించాలి, అది చదవకుండా బండి మీద చెయ్యి వేయకూడదు, ఇంకో పద్ధతి, డ్వెల్ అంకె ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు, బానెట్ లోపల టేపు ఉంది, కాయిళ్లు మార్చిన తేదీలు, అన్నీ ఆమె రాతే, దాని అంచు కింద మరో టేపు కనిపించింది, గోటితో లాగితే పైది ఊడి వచ్చింది, కింద మళ్లీ ఆమె రాతే, డ్వెల్ 5.5, దాని కింద గుండ్రటి అక్షరాలు, తమ్ముడివి, కొత్త బ్యాటరీ వేశాను, ఇప్పుడు 14.1 వస్తోంది, అక్కా, అంకె తగ్గించాలి, తేదీ చూస్తే తను జ్వరంతో షాపుకు రాని వారం, మొదటి కాయిల్ కాలడానికి తొమ్మిది రోజుల ముందు, అంటే మొదటి కాయిల్ మార్చినప్పుడు చదవకుండానే దాని మీద తన టేపు అంటించేసింది, వాడు నోటితో కూడా చెప్పాడు, ఇప్పుడు గుర్తొస్తోంది, తను ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఊఁ ఊఁ అంది.

సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు, అంకెను మూడుకు దించింది, అది పెద్ద పనేం కాదు, చిన్న స్క్రూడ్రైవరుతో పావు చుట్టు, ఇంజను తిప్పితే బండి మెత్తగా అందుకుంది, కాసేపటికి కాయిల్ మీద అరచెయ్యి ఆనించింది, గోరువెచ్చగా ఉంది, మాస్టారికి ఏమీ చెప్పనక్కర్లేదు, బాగైంది, తీసుకెళ్లండి అంటే తీసుకెళ్తాడు, మీటరక్క పేరు మీటరక్కకు ఉంటుంది, సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్లి మెల్లగా, ఒరేయ్ నాదే పొరపాటురా అంటే, వాడు మెత్తటివాడు, వచ్చేస్తాడు, వచ్చేస్తాడు సరే, మాస్టారి కళ్లలో మాత్రం వాడు కమీషను కొట్టేవాడిగానే ఉండిపోతాడు, ఆయన ఎదురైనప్పుడల్లా తల దించుకుంటాడు, అంతలో స్కూటరు ఆగింది, ఏమమ్మా, తేలిందా, మళ్లీ డూప్లికేటేనా అంటూ మాస్టారు లోపలికి వచ్చాడు, మళ్లీ డూప్లికేటేనా, ఆ మాట ఆయనది కాదు, తను ఆయన నోట్లో పెట్టిందే, ఎవరి ముందు అన్నదో వాళ్ల ముందే వెనక్కి తీసుకోవాలి, ఇంట్లో చెబితే చాలదు, కూర్చోండి మాస్టారూ, ఒక్క నిమిషం, వెళ్లకండి, మీరు ఉండాలి అంది, బానెట్ లోపల మిగిలిన టేపు కూడా ఊడదీసి రెండు టేపులూ వేలికి అంటించుకుంది, అలాగే వీధిలోకి దిగి, తమ్ముణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలిచింది.