వ్యాను పిల్లలు అర్హులు కారు

అద్దం తుడిచిన గుడ్డతోనే ముఖమూ తుడుచుకుని, ఉప్పలయ్య మళ్లీ దిగి టైర్లు తన్ని చూశాడు. అప్పటికది మూడోసారి. పదకొండేళ్లుగా కోదాడలోని ఆ ప్రైవేటు బడికి అనంతగిరి వైపు వ్యాను నడుపుతున్న మనిషి, టైర్లను ఏ రోజూ ఇంతగా అనుమానించలేదు. బక్కపలచని మనిషి. కిటికీ అంచుకు ఆనించి ఆనించి కుడి మోచేయి నల్లగా కాయకట్టింది. పిల్లలెక్కే బండి దగ్గర బీడీ ముట్టించడు. ఇవాళ ఒకటి వెలిగించి, సగంలో పారేసి, పొగ పోవాలని తలుపులన్నీ తెరిచిపెట్టాడు.

ఇవాళ స్టార్ బ్యాచ్ జాబితా వస్తుంది.

ఆరో తరగతిలో పరీక్ష పెట్టి తెలివైన ముప్పైమందిని ఏరి, వేరే సెక్షన్లో కూర్చోబెట్టి, సాయంత్రం ఏడింటిదాకా చదివిస్తారు. వ్యానేమో నాలుగున్నరకే బయల్దేరుతుంది. అందుకని ఫారంలోనే అచ్చేశారు: పట్టణంలో ఉండేవారే రాయాలి, వ్యాను పిల్లలు అర్హులు కారు. తెలివి మున్సిపాలిటీ హద్దు దాటదని ఎవరూ పైకి అనలేదు, అచ్చు మాత్రం వేయించారు.

గొర్లు మేపుకునే బీరయ్య కూతురు నీలా వ్యాను పిల్ల. ఉప్పలయ్య పక్క సీటు ఆమెదే. నిరుడు ఒకరోజు మీటరు వైపు చూస్తూ అడిగింది.

"మామా, పొద్దున పదహారు తిరుగుతది, సాయంత్రం పదిహేనే. ఒక కిలోమీటరు ఏడ పోతుంది?"

మర్నాటికి తనే పట్టేసింది. పొద్దున చెరువు వీధిలోకి తిరిగి పిల్లల్ని ఎక్కించుకుంటాడు, సాయంత్రం వాళ్లను మూలమీదే దింపేస్తాడు. పదకొండేళ్లు అదే స్టీరింగు తిప్పినవాడికి ఆ సంగతి ఎన్నడూ తట్టలేదు. ఉప్పలయ్యకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా సంతోషం వేసింది.

ఫారం తెచ్చి, "నువ్వే నింపన్నా" అన్నాడు బీరయ్య. చిరునామా దగ్గర ఉప్పలయ్య కాసేపు ఆగి, కోదాడలో తాను కిరాయికుంటున్న ఇంటి నంబరు రాసేశాడు. సీటొస్తే రాత్రి బస్సుకు పంపొచ్చులే అనుకున్నాడు. ఆ బస్సు ఆగిపోయి ఏడాదైందని తర్వాత తెలిసింది. ఎప్పుడూ వ్యానులోనే తిరిగేవాడికి బస్సుల సంగతి ఎలా తెలుస్తుంది!

పదకొండు గంటలకు పిలుపు వచ్చింది. ప్రిన్సిపాల్ స్వరాజ్యలక్ష్మి రైసుమిల్లు ఇంటి కోడలు, మాట తూకం వేసినట్టు మాట్లాడుతుంది. ముందు సిబ్బంది చిరునామాలుండే జీతాల రిజిస్టరు, పక్కన నీలా ఫారం.

"ఏంటిది ఉప్పలయ్యా? ఆ పిల్ల ఇల్లూ, నీ ఇల్లూ ఒకటేనా?"

అతను తల వంచుకునే అడిగాడు.

"సీటొచ్చిందా మేడం?"

"నూట పన్నెండు మందిలో మొదటి మార్కు. కానీ అడ్రస్ అబద్ధం కదా. పేరు తీసేయాలి."

"అబద్ధం గాదు మేడం. అది మా ఇంట్లనే ఉంటది."

ఆ మాట విని ఆమెకంటే ఉప్పలయ్యే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఆమె ఫారాన్ని అటూ ఇటూ తిప్పింది. మొదటి మార్కును వదులుకోవడం ఆమెకూ కష్టంగానే ఉంది.

"సరే. రేపు పొద్దున ఆ పిల్ల మీ ఇంటి నుంచి నడిచి రావాలి. వ్యాను దిగిందంటే సీటు తర్వాతి వాళ్లకిచ్చేస్తాను."

మెట్ల కింద నిలబడి భార్య అచ్చమ్మకు ఫోన్ చేశాడు. అంతా విని ఆమె గయ్యిమంది.

"ఉన్న నలుగురికే కాళ్లు సాపుకునే జాగ లేదు, ఇంకో మనిషా? నీకేమన్న పిచ్చా?" గిన్నెలు జరిపిన చప్పుడు. "పిల్ల రాత్రికి అన్నం తింటదా, రొట్టెనా?"

సాయంత్రం దారిలో నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు. అందర్నీ దింపాక, రోడ్డు మీద ఎదురుచూస్తున్న బీరయ్యను చూడగానే అవన్నీ పోయాయి. జరిగింది జరిగినట్టే చెప్పేశాడు.

బీరయ్య చాలాసేపు కర్ర చివరతో మట్టిలో గీతలు గీశాడు.

"నేను నంబరు రాయకుంటే ఈ పరేషాన్ ఉండకపోయేది" అన్నాడు ఉప్పలయ్య.

"రాయకుంటే సీటే ఉండకపోయేది గదన్నా." బీరయ్య గీసిన గీతల్ని కాలితో చెరిపేశాడు. "రాత్రిపూట దానికి భయమైతది. లైటు ఆర్పకుండ్రి."

ఇంట్లో నీలా తల్లి రెండు జతల బట్టలు సంచిలో కుక్కింది. ఉప్పలయ్య వైపు చూడలేదు. నీలా మాత్రం చకచకా వచ్చి, రోజూ ఎక్కినట్టే ఎక్కి, తన సీట్లో కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకున్నాక అడిగింది.

"ఆదివారం వస్త గదా, బాపూ?"

"వస్తవు బిడ్డా."

ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్లే బండి ఇవాళ ఒక పిల్లతో కదిలింది. మంచి చేస్తున్నాడో, ఒక ఇంట్లోంచి పిల్లను ఎత్తుకుపోతున్నాడో ఉప్పలయ్యకు తేలలేదు. గేరు రెండుసార్లు తప్పు పడింది. రేపటినుంచి ఇక్కడ బండి ఆపే పని లేదు.

వెనక బీరయ్య ఒక్కడే రోడ్డు మీద నిలబడ్డాడు. అతని కాళ్ల దగ్గర, ఒకటో తరగతిలో వ్యాను మెట్టు అందక నీలా ఏడ్చిందని అతను భుజాన మోసుకొచ్చి వేసిన బండరాయి ఉంది. దాని మీద ఆమె బూటు మట్టి ఇంకా ఆరలేదు.