కారని తొట్టి

గుడియాత్తం నుంచి వేలూరు పోయే బస్సులో ఏలుమలై కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో ఉన్న గోనెసంచిని రెండు చేతులా పట్టుకున్నాడు. సంచిలో సిమెంటు పూలకుండీ ఉంది. కండక్టరు దాన్ని సీటు కింద పెట్టుకోమన్నాడు. కావాలంటే దీనికీ టికెట్టు కొట్టు, కాళ్ల దగ్గర మాత్రం పెట్టనని ఏలుమలై ముఖం చిట్లించాడు. ఈ మనిషితో మనకెందుకన్నట్టు కండక్టరు ముందుకు జరిగిపోయాడు. ఏలుమలైతో చాలామంది అట్లాగే జరిగిపోతుంటారు.

యాభై దాటిన మేస్త్రి. చిన్నప్పుడే బడి మానేసి తాపీ పట్టాడు. ఒకప్పుడు గుడియాత్తం చుట్టుపక్కల తొట్టి మేస్త్రి అంటే ఇతనే. ఇతను కట్టిన నీళ్ల తొట్టి చుక్క కారదు. తర్వాత నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాయి. పొద్దున ఆటోలో వేసుకొచ్చి మధ్యాహ్నానికి మిద్దె మీద కూర్చోబెట్టేస్తారు. తొట్టి మేస్త్రితో ఎవరికీ పని లేకుండా పోయింది. ఎక్కడో గోడ పెచ్చు ఊడితేనో, మెట్టు విరిగితేనో పిలుస్తారు. ఆ కడుపుమంట అతనిలో ఆరలేదు. లోకంలో ఎక్కడ నీటిచుక్క కారినా తనను వెక్కిరించడానికే కారుతున్నట్టు ఉండేది.

వేసవి మొదట్లో ఆ మంట ఇంట్లోనే అంటుకుంది. అతని భార్య ఇందుమతి మిద్దె మీద పిట్టగోడ పొడుగునా మొక్కలు పెంచేది. ఓటి బకెట్లు, నూనె డబ్బాలు, మట్టి కుండీలు, చేతికేది దొరికితే దాంట్లో. వాటి అడుగు నుంచి కారిన నీళ్లు మిద్దె సిమెంటు పూత మీద పాచి చారలు కట్టాయి. కింద గదిలో పైకప్పుకు చెమ్మ పట్టింది. అతను సొంత చేతులతో పూసిన పైకప్పు అది. ఒకనాటి పొద్దున పడుకున్నచోటు నుంచే ఆ చెమ్మను చూసి, లేచి మిద్దెక్కి, నోరు మెదపకుండా కుండీలన్నిటినీ ఒక్కొక్కటిగా వీధిలోకి తోసేశాడు.

ఇందుమతి వీధిలోకి పోయి మట్టిలో, విరిగిన కొమ్మల్లో వెతికింది. మందపాటి ఆకుల జేడు మొక్క ఒక్కటి ప్రాణంతో ఉంటే, ఒక పెరుగు డబ్బా అడుగున కాల్చిన మేకుతో బెజ్జాలు పొడిచి, దాంట్లో నాటుకొని వేలూరు బస్సెక్కింది. అప్పటి నుంచి సత్తువాచారిలో అక్క మునియమ్మ ఇంట్లోనే ఉంది. ఇతను ఫోను చేస్తే ఎత్తదు.

మొన్నొకనాడు మునియమ్మే ఫోను చేసింది. “ఆ చెట్టు తలబరువై గాలికి పడిపోతాండాది నాయనా. మంచి తొట్టి ఒకటి చూడాలంటాండాది మా చెల్లెలు,” అనింది. ఇంకేం చెప్పలేదు. ఏలుమలైకి అది చాలు. డబ్బా కొలత మాత్రం అడిగి పెట్టుకున్నాడు.

రెండు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి అచ్చు చేశాడు. సన్న ఇసుక, సిమెంటు, నీళ్ల తొట్లకు కలిపే మందు. పైన సిమెంటు పాలు పూసి వేలితో నునుపు చేశాడు. తడిగోనె కప్పి, ఎండ తగలనీయకుండా ఆరబెట్టాడు. అంచుదాకా నీళ్లు పోసి రాత్రంతా ఉంచితే, పొద్దునకు నీళ్లు పోసిన చోటే ఉన్నాయి. బయటి వైపు చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంది. ఇన్నాళ్లకు అతనికి నవ్వు వచ్చింది. ఇది చూస్తే ఇందుమతి కాదనలేదు. ఆమె మొక్క ఆమెకుంటుంది, అతని మిద్దె తడవదు. ఈ ఒక్క కుండీతో ఆమెను ఇంటికి తెచ్చుకోవచ్చనుకున్నాడు. ఇది కాదంటే ఇంక తన దగ్గర వేరే దారి లేదని కూడా అతనికి తెలుసు.

సత్తువాచారిలో మునియమ్మ మొగుడు రాజమాణిక్యం వాకిట్లోనే కుర్చీ వేసుకొని ఉన్నాడు. టైల్స్ పని చేస్తాడు. ఆదివారం కాబట్టి ఇంట్లో ఉన్నాడు.

“రాప్పా తొట్టి మేస్త్రీ. ఏంది సంచిలో, మాకొక ట్యాంకా?”

“ఆమెకు తెచ్చినా అన్నా.”

“ఇంకొక తొట్టా? ఒక చెట్టుకు ఎన్ని ఇండ్లప్పా. ఇట్లా అయితే అది బాడుగకు ఇచ్చుకోవచ్చు.”

వరండాలో గోడకు ఆనించి, అర ఇటుక అడ్డం పెట్టి, జేడు మొక్క ఉంది. పెరుగు డబ్బా ఒక పక్కకు ఉబ్బిపోయింది. పక్కనే రెండు కొత్త కుండీలు. తెల్లగా మెరిసే పింగాణీది మునియమ్మ కొన్నది, నీలం రంగు ప్లాస్టిక్‌ది రాజమాణిక్యం తెచ్చినది. ఇందుమతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపల్నుంచి వచ్చింది. మొగుడి ముఖం చూడలేదు, సంచి వైపు చూసింది. సన్నబడింది. అతను అది చెప్పబోయి మానుకున్నాడు.

“వచ్చినోడు ఎట్లాగూ వచ్చినాడు. ఏదో ఒకటి తేల్చు పిల్లా,” అనింది మునియమ్మ. “పాపం, ఆ చెట్టు దినామూ పల్టీలు కొడతాండాది.”

ఇందుమతి కింద కూర్చుంది. ముందు ప్లాస్టిక్ కుండీలో డబ్బాను దించి, మొక్క తల దగ్గర వేలితో తోసింది. కుండీతో సహా ఒరిగిపోతుంటే పట్టుకుంది.

“ఇది పాలపేకెట్టు మాదిరి ఉండాది బావా. పిల్లి తగిలినా పడతాది.”

“రాయి పెట్టు అడుగున.”

“రాయి పెడితే వేరు యాడ పోవాల?”

తర్వాత పింగాణీ కుండీని బోర్లించి చూసింది. “అక్కా, చూసేదానికి బాగుండాది. అడుగున బొక్క లేదే. నీళ్లు నిలిస్తే వారానికి కుళ్లిపోతాది.”

“కొంచెం కొంచెం పొయ్యి. స్పూనుతో.”

“చెట్టుకు మందు తాపినట్టు స్పూనుతో పోసేదెవురు? పొరబాటున ఒక వాన పడితే?” అని దాన్ని పక్కకు నెట్టేసింది.

ఏలుమలై చేతులు సంచి ముడి మీద ఆగిపోయాయి. ముడి విప్పకుండా లేచిపోదామా అనిపించింది. ఇంకోటి తెస్తాను, ఇది వేరేవాళ్లదని అబద్ధం చెబుదామా అనిపించింది. ఈలోగా రాజమాణిక్యం వంగి సంచిని లాగేశాడు.

కుండీ బయటపడింది. బూడిద రంగులో, అద్దంలా నునుపుగా, ఎక్కడా అచ్చు గీత కూడా లేకుండా ఉంది. రాజమాణిక్యం దాని అంచు మీద వేలు రాసి చూశాడు. ఇందుమతి జేనతో మూతి కొలిచింది, లోతు కొలిచింది. డబ్బాను దించితే చుట్టూ రెండు వేళ్ల సందు మిగిలింది. మొక్కను తోసి చూసింది. కుండీ కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తోసింది. కదల్లేదు. ఆమె ముఖంలో బిగువు కాస్త సడలడం ఏలుమలై చూశాడు.

అప్పుడామె డబ్బా తీసేసి, చెయ్యి లోపల పెట్టి, అడుగంతా వేళ్లతో తడిమింది. ఒక చుట్టు తిప్పింది. మళ్లీ తిప్పింది.

“బొక్క యాడ?”

“లేదు.”

“మర్చిపోయినావా?”

అవునంటే సరిపోయేది. ఆమె తనకోసం ఆ దారి తెరిచి ఉంచిందని అతనికి అర్థమయింది. కానీ చేసిన పనిలో ఏదో మర్చిపోయానని ఏలుమలై ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

“మర్చిపోలేదు. కారకూడదనే అట్లా చేసినా.”

“ఎవురికోసరం కారకూడదు? చెట్టుకోసరమా, నీ మిద్దెకోసరమా?”

“రెండిటికీ. నువ్వు వచ్చెయ్యి. ఎన్ని కావాలంటే అన్ని చేసిస్తా, అన్నీ ఇట్లాంటివే. పూత తడవదు, నీ చెట్లూ ఉంటాయి. ఇంకేం కావాల నీకు?”

“చెట్టు బతకాల. ఇది ఆకుల్లోనే నీళ్లు దాపెట్టుకుంటాదయ్యా. పోసిన నీళ్లు తాగినంత తాగి, మిగిలింది బయటికి వదలాల. వదిలేదానికి దారి లేకుంటే చచ్చిపోతాది.” ఆమె గొంతు పెరగలేదు. “నీ మిద్దెకు తొట్టి చేసుకొని, నాకు తెచ్చినానంటావు.”

రాజమాణిక్యం లేచాడు. “చాలు, ఇంతటితో వదలండప్పా. డ్రిల్లింగు మిషను లోపలుండాది. టైలుకు వేసే బిట్టు పెడితే ఒక్క నిమిషం.”

“నా పని మీద నీ మిషను పెట్టొద్దన్నా.”

“ఓహో. ముట్టకూడదా? అయితే ఒక మాట చెప్పు. పూలతొట్టి కింద కారే నాలుగు చుక్కలకే చెమ్మ వచ్చే మిద్దె, వానకు రాకుండా ఉంటాదా? తప్పు చెట్లదా, పూతదా?”

మునియమ్మ మొగుణ్ని కసిరింది కానీ ఆ మాట అప్పటికే బయటపడింది. ఎప్పుడో ఏలుమలై తలలో తిరిగిన మాటే అది. పైకి రానీయకుండా తొక్కిపెట్టిన మాట. అతను కుండీని ఎత్తి చంకన పెట్టుకుని మెట్టు దిగాడు. ఎవరూ ఆపలేదు.

“పోతే ఆ తొట్టితోనే పో,” అనింది ఇందుమతి వెనకనుంచి. “నన్ను పిలిచేదానికి ఇంకొకటి చేసుకోని రావద్దు.”

అతను మెట్టు మీదే నిలబడిపోయాడు. వీధి చివర బస్సుల రోడ్డు కనబడుతోంది. నడిస్తే అయిపోతుంది. గుడియాత్తంలో ఇల్లు ఉంది, మిద్దె పొడిగా ఉంది, ఆ మిద్దె కింద ఒక్కడే ఉంటాడు.

తిరిగి చూడకుండానే మెట్టు మీద కూర్చున్నాడు. గోనెసంచి మడతపెట్టి దాని మీద కుండీని బోర్లించాడు.

“అన్నా, సన్న ఉలి ఒకటియ్యి.”

రాజమాణిక్యం ఈసారి ఏ మాటా కలపకుండా ఉలి, సుత్తి తెచ్చి ఇచ్చాడు.

ఏలుమలై నడిమధ్యన బొటనవేలితో చోటు గుర్తుపెట్టుకున్నాడు. సుత్తి పైకెత్తితే పగులుతుంది. మణికట్టు మాత్రం కదిలించి, ఉలిని కొద్దికొద్దిగా తిప్పుతూ తట్టాడు. సిమెంటు లొంగలేదు. తడిగోనె కప్పి ఆరబెట్టినందుకు రాయిలా గట్టిపడింది. సన్న ఇసుక వేసినందుకు ఎక్కడా సందు లేదు. పొడి లేస్తోంది తప్ప గుంట పడటంలేదు. నుదుటి చెమట కళ్లలోకి దిగింది. ఒక దెబ్బకు చప్పుడు మారింది, బోలుగా. అతను ఆగిపోయాడు. పగులుకు ముందు అట్లాగే మారుతుంది.

“పగిలితే పోనీలే నాయనా,” అనింది మునియమ్మ.

అతను వాకిట్లోని బకెట్టు నీళ్లలో చెయ్యి ముంచి అడుగంతా తడిపి, వంగి చూశాడు. చీలిక ఉంటే తడి అక్కడే గీతలా నిలుస్తుంది. తడి ఆరుతూ వచ్చింది. గీత లేదు. ఊపిరి వదిలి, కుండీని తిప్పి, లోపలివైపు నుంచి మొదలుపెట్టాడు. రాజమాణిక్యం కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. ఇందుమతి గడప దగ్గర నిలబడింది, మొక్కను గుండెలకు ఆనించి పట్టుకొని.

చివరికి చిన్న పెచ్చు ఒకటి గోనె మీద పడింది. బొటనవేలు పట్టేంత బెజ్జం. అంచులు ఉలితో గీకి నునుపు చేయబోతే, “చాలు,” అనింది ఇందుమతి. చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది. నీళ్లు అడుగు నుంచి దిగి, మెట్టు మీదుగా పారి, అతని పాదాల కిందకు వచ్చాయి. అతను కాళ్లు తీయలేదు.

“ఇంకేముంది, నాటేసి సాయంత్రం బస్సుకు ఇద్దరూ పోండి,” అనింది మునియమ్మ.

“ఈ పొద్దు కాదక్కా. కొత్త సిమెంటు ఘాటు పోలేదు. వేరు మాడిపోతాది.” ఇందుమతి ఇప్పుడు మొగుడి ముఖంలోకి చూసింది. “ఇంటికి తీసుకోని పో. మిద్దె మీద పెట్టి దినామూ నిండా నీళ్లు పొయ్యి. అంతా కారిపోనీ, పూత మీదనే. కింద పళ్లెం పెట్టొద్దు.”

“పరీక్ష పెడతాండావా నాకు?”

“అవును. ఆ నీళ్లు కారేది చూస్తా నువ్వు ఊరికే ఉండగలిగితే, ఫోను చెయ్యి.”

తిరుగు బస్సులో అతనికి కోపం పట్టపగ్గాల్లేకుండా వచ్చింది. పాలారు వంతెన మీద కుండీని కిటికీలోంచి విసిరేద్దామా అనుకున్నాడు. వంతెన దాటింది. కుండీ ఒళ్లోనే ఉంది.

మర్నాడు పొద్దున మిద్దె మీద, పిట్టగోడ పక్కన దాన్ని పెట్టి నీళ్లు పోశాడు. కారిన నీళ్లు పూత మీద నల్లగా పాకుతుంటే చెయ్యి దానంతటదే చీపురు మీదికి పోయింది. చీపురు తీసుకెళ్లి కింద వంటింట్లో పెట్టి వచ్చాడు. ప్రతిరోజూ అదే పని. తడి ఆరినచోట తెల్లటి సున్నపు మరక లేచింది. కింద గదిలో చెమ్మ మళ్లీ పట్టి, మెల్లగా వెడల్పయింది. అతను పడుకొని దాన్ని చూసేవాడు. పక్కింటి వరదరాజులు మిద్దె మీదనుంచి, “ఏం మేస్త్రీ, మీ తొట్టి కారతాండాదే,” అన్నాడు.

“కారేదానికే చేసినా. నువ్వు నీ పని చూసుకో.”

నీళ్లలో సున్నపు నురుగు పోయి తేటగా కారడం మొదలైన రోజు ఫోను చేశాడు. ఇందుమతి ఎత్తింది.

“ఇంట్లోకి చెమ్మ వచ్చిందా?” అనింది.

“వచ్చింది.”

“ఏం చేసినావు?”

“ఏం చెయ్యలేదు. పోస్తానే ఉండా. వానలు పోయినాక పైన పూత పగలగొట్టి మళ్లీ పూసుకుంటా. అది నా పని. నీ చెట్లకూ దానికీ సంబంధం లేదు.”

పెట్టేసిందనుకుని చెవి దగ్గర్నుంచి ఫోను తీసి చూశాడు. లేదు.

“చెట్టు నాటేదానికి ఇసుక జల్లించి పెట్టు,” అనింది ఆమె. “సన్నది వద్దు, ముతకది. శుక్రవారానికి.”

ఏలుమలై ఆ సాయంత్రమే పెరట్లో జల్లెడ నిలబెట్టాడు. పార ఎత్తి పోస్తుంటే సన్న ఇసుక కింద కుప్పపడింది, ముతకది పైన మిగిలింది. జీవితమంతా పూతకు సన్నదే ఏరుకుని, ఈ మిగిలినదాన్ని గుంటల్లో పారబోసిన మనిషి. అలవాటుగా పారబోయబోయి ఆగి, గోనె మీద పోశాడు. ఇంకో పార, ఇంకో పార. రాళ్లు మరీ పెద్దవి తీసేశాడు. గుప్పెడు తీసుకొని చూస్తే దుమ్ము అంటుకుంది. దీన్ని కడగాలో, ఇట్లాగే ఉంచాలో అతనికి తెలియలేదు. ఇసుక సంగతి ఒకరిని అడగడం అతను ఎరగడు. చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోను తీసి ఇందుమతికి చేశాడు.