తొందర ఎవరికి?

భర్త చొక్కాకు ఊడిన బొత్తాం ఆమె కుడుతుంటే, అతను ఫోన్ చూసుకుంటూ అన్నాడు: "ఇవాళ్టికి ఇరవై ఏడో రోజు. టెస్టు చేసుకోకూడదూ?"

ఆమె నెలసరి లెక్క ఆమెకన్నా అతని ఫోనుకే బాగా తెలుసు. పక్కగదిలోంచి అత్తగారు గొంతు కలిపింది. "చూసుకోమ్మా. ఏదో ఒకటి తేలిపోతుంది."

తేలడం ఇప్పటికి నాలుగుసార్లు అయింది. నాలుగుసార్లూ నెల తప్పకముందే చూసుకుంది. ఒక్కటే గీత. బాత్రూం తలుపు బయట భర్త, అతని వెనక అత్తగారు. పరీక్ష తప్పిన పిల్లలా తను. "పోనీలే" అని అతను భుజం తట్టేవాడు. తప్పెవరిదో ఆ పోనీలేలోనే తెలిసిపోయేది. ఆమె పనిచేసే కళ్లజోళ్ల దుకాణం యజమాని అయితే ఏనాడో తేల్చేశాడు: "నీకు మేనేజరు పని ఎందుకమ్మా, ఇవాళో రేపో కాన్పుకు సెలవు పెట్టేదానివి."

ఆ సాయంత్రం మందుల షాపులో ఐదో కిట్టు అడిగింది. కౌంటరు వెనకున్న పెద్దావిడ తీసిస్తూ, "తేదీ దాటిందా?" అంది.

"ఇంకా లేదండీ."

"మరైతే ఇప్పుడు చూసినా తెలీదమ్మా. కడుపులో పడ్డా లేదనే చూపించొచ్చు. తేదీ దాటాక వారం ఆగు. పొద్దున లేవగానే, మొదటిసారి వెళ్లినప్పుడు చూసుకో." గొంతు తగ్గించింది. "ఇంతకీ తొందర ఎవరికి?"

జవాబు దారంతా వెతుక్కుంది. బిడ్డ కావాలన్నది తన కోరికే. కానీ ఇంతమంది ఆరాల మధ్య దాన్ని తనివితీరా కోరుకునే తీరికే దొరకలేదు.

ఇంటికొచ్చి కిట్టు బీరువాలో పెట్టుకుంది. "పది రోజులయ్యాక చూసుకుంటాను. అప్పటిదాకా ఎవరూ అడగొద్దు."

"అమ్మ ఊరుకోదు," అన్నాడు భర్త.

"ముందు నువ్వు ఊరుకో. అత్తయ్యకు నేను చెప్తాను."

చెప్పింది. అత్తగారు, "వీడు కడుపులో పడినప్పుడు మూడో నెలదాకా ఎవరికీ చెప్పలేదు నేను. ఆ మూడు నెలలూ ఇంకా గుర్తే," అంది మెల్లగా.

తేదీ వచ్చింది, దాటింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఎవరినీ సంప్రదించకుండా పేర్లు అనుకుంది. కొన్ని నచ్చక తనే కొట్టేసింది.

పదకొండో రోజు పొద్దున రెండు గీతలు కనిపించాయి. గడియ పెట్టుకున్న తలుపుకు ఆనుకుని, నవ్వో ఏడుపో తెలియక కాసేపు నిలబడిపోయింది. బయటికొస్తే, భర్త వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో అడగబోయి, ఆగి, మళ్లీ పళ్లెం అందుకున్నాడు.

అడగలేదు కాబట్టే, చెప్పాలనిపించింది.