నాలుగో భాగం దగ్గర బిగిసిన స్వెటర్

మా ఇంట్లో నెలనెలా డబ్బు తీసుకునే ప్రతిదీ ఏడాదికోసారి మా ఆయన ఐవిన్ ముందు నిలబడి, తానెందుకు ఉండాలో చెప్పుకోవాలి. వ్యాయామశాల చందా అలాగే పోయింది. ఊరి పత్రిక మాత్రం చావు కబుర్ల పేజీ పుణ్యమా అని నిలిచింది. అది లేకపోతే ఎవరి అంత్యక్రియలకు వెళ్ళాలో తెలియదని మా అత్తగారు గట్టిగా చెప్పారు. ఐవిన్ పిసినారి అని కాదు. పడవకి కొత్త ఇంజను కొన్నప్పుడు ఒక్క పూట కూడా ఆలోచించలేదు. కానీ చడీచప్పుడు లేకుండా ఖాతాలోంచి జారిపోయే డబ్బంటే అతనికి కారుతున్న కుళాయిని చూసినట్టు ఉంటుంది. ఉద్యోగం పురపాలక సంఘం నీళ్ళ విభాగంలో మరి.

అలాంటివాడు ఈ మార్చిలో తనంతట తానే ఒక ఓటీటీలో చేరాడు. మొదటి నెల ఉచితం. ఉత్తర తీరంలో చేపల వేట గురించి అందులో ఏదో కార్యక్రమం ఉందట. రెండు సాయంత్రాలు చూశాడు. రెండుసార్లూ వల నీళ్ళలో పడకముందే నిద్రపోయాడు. ఈస్టర్ సోమవారంతో ఉచిత నెల అయిపోతుంది. ఆ సెలవులకి మేం కొండ మీది మా చెక్క ఇంటికి వెళ్తాం, అక్కడ ఫోన్ పనిచేయదు. అందుకని బయలుదేరే రోజు మధ్యాహ్నానికి ఫోన్‌లో అలారం పెట్టి, దానికి ‘రద్దు’ అని పేరు కూడా పెట్టుకున్నాడు.

ఆ అలారం మోగకూడదని నేను కోరుకున్నాను. అందుకు కారణం చేపలు కావు, మా అత్తగారు.

బోర్గిల్ మా ఇంటి కింది వాటాలో ఉంటారు. మామగారు పోయి రెండు చలికాలాలైంది. రెండు వాటాలకీ మధ్య లోపలినుంచే మెట్లున్నాయి, తలుపుకి గొళ్ళెం కూడా ఉండదు. అయినా ఆవిడ పైకి రావాలంటే ఒక కారణం కావాలి. ఫ్యూజు పోవాలి, లేదా గిన్నె తిరిగి ఇవ్వాలి. మొదటి చలికాలంలో నేను తెలివితక్కువగా ప్రతి ఆదివారం భోజనానికి పిలిచాను. మూడో ఆదివారం ఆవిడ ఫోర్కు పళ్ళెంలో పెట్టి, “టూరున్, నేను పార్సిల్ని కానమ్మా, వారం వారం పైకి చేరవేయడానికి” అన్నారు. ఆ తర్వాత నెలన్నర పాటు గిన్నెలు కూడా గుమ్మం బయటే పెట్టి దిగిపోయారు. ఆవిడ కోసం ఏదైనా చేస్తున్నామని ఆవిడకి తెలియకూడదని అప్పుడు నేర్చుకున్నాను.

ఇంతకీ ఓటీటీ వచ్చిన మొదటి వారంలో ఒక సాయంత్రం ఆవిడ వాఫుల్ పెనం తిరిగి ఇవ్వడానికి పైకి వచ్చారు. నేను స్వీడన్ సీరియల్ ఒకటి పెట్టుకుని ఇస్త్రీ చేసుకుంటున్నాను. చిన్న దీవి, ఒక పోలీసావిడ, ఊళ్ళో వరసగా హత్యలు. బోర్గిల్ పెనం పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు.

“స్వీడిష్ కదా అది?”

“అవును. కూర్చోండి, బోర్గిల్.”

“కూర్చోడానికి రాలేదు.”

ఆ భాగం అయిపోయేదాకా పెనం పట్టుకుని నిలబడే ఉన్నారు. తరువాతి సాయంత్రం అల్లిక సంచీతో వచ్చారు. సంచీలో తన ఇంటి చెప్పులు, ఆవిడే ఊలుతో అల్లి వేడినీళ్ళలో బిగించినవి, కూడా తెచ్చుకున్నారు. గుమ్మం దగ్గర వేసుకోవడం, వెళ్ళేటప్పుడు మళ్ళీ సంచీలో పెట్టుకుపోవడం. మా ఇంట్లో వదిలిపెట్టేవారు కారు.

“నేను చూడను. వింటానంతే. చేతులకి పని, చెవులకి పని” అన్నారు.

అది నిజమే. ఇంగ్లీషు సీరియల్ అయితే కింద అక్షరాలు చదువుకోవాలి, చదువుతూ అల్లితే కుట్టు తప్పుతుంది. డేనిష్ అయితే మరీ కష్టం. వాళ్ళు నోట్లో బంగాళదుంప పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది, చూసినా అర్థం కాదు. స్వీడిష్ మాత్రం మా భాషకి దగ్గరిది, పక్కింటివాళ్ళ మాటలు గోడ ఇవతల నుంచి విన్నంత సులువు.

ఆవిడ అల్లుతున్నది ఐవిన్ కోసం ఈస్టర్ స్వెటర్. నల్లదీ తెల్లదీ ఊలు, మా వైపు పాత గళ్ళ నమూనా. బోర్గిల్ అల్లిక గురించి నేను చెప్పకూడదు, జిల్లా చేతిపనుల సంఘంవాళ్ళు చెప్పాలి. కొత్తవాళ్ళకి చూపించడానికి ఆవిడ చేతి తొడుగులు అద్దాల బీరువాలో పెట్టారు. ఏ వరుస చూసినా స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. నాకు పెళ్ళయిన కొత్తలో నేను అల్లిన మేజోళ్ళు చూసి, “వెచ్చగా ఉంటాయిలే” అన్నారు. ఇరవై రెండేళ్ళలో నాకు దక్కిన మెప్పు అదే.

సీరియల్ని కూడా ఆవిడ ఆ కళ్ళతోనే చూసేవారు.

“ఆ ఫెర్రీ కెప్టెన్ హంతకుడు కాడు” అన్నారు రెండో భాగంలో.

“ఎలా చెప్తారు?”

“వాడి స్వెటర్ మోచేతి దగ్గర చూడు. రంగు కలిసే ఊలు వెతికి ఎంత ఓపిగ్గా రఫూ చేశారో. ఇంట్లో అంత ఓపికున్న మనిషిని పెట్టుకుని వీడు జనాన్ని చంపుతూ తిరుగుతాడా?”

“మీరు చూడట్లేదన్నారు?”

“చూడట్లేదు. కంటికి తగిలింది.”

నాలుగో భాగంలో ఆ కెప్టెన్నే ఎవరో వెనకనుంచి నీళ్ళలోకి తోసేశారు. బోర్గిల్ సూదుల చప్పుడు గబగబా సాగింది. చాలాసేపటికి, “ఈ నెలలో నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి” అని ఊలు సంచీలో పెట్టుకుని దిగిపోయారు. మర్నాడు ఎప్పటికంటే ముందే వచ్చారు.

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాడు వాఫుల్స్ తింటూ ఐవిన్ ఓటీటీ మీద విచారణ మొదలుపెట్టాడు. రెండు ఉండల ఊలు ఖరీదు నెలకి, దానికి తగ్గ ప్రయోజనం ఉందా అని.

“ఈస్టర్ అంటే హత్య కథలు ఉండొద్దూ?” అన్నాను. ఈస్టర్ సెలవుల్లో హత్య కథలు మా దేశపు ఆచారం, పాల డబ్బాల మీద కూడా అచ్చేస్తారు. ఇంతకంటే మంచి వాదన నాకు తోచలేదు. తోచినది పైకి చెప్పకూడనిది.

“పాల డబ్బా మీద ఉందిగా. ఈసారి కథ బాగుంది కూడా. వంటవాడే చేసుంటాడు.” డబ్బా తిప్పి చూపించాడు. “రేడియోలోనూ వస్తుంది. అవన్నీ ఉచితం. అమ్మా, నువ్వేమంటావు?”

“నాకేంటిరా? తీసెయ్. నేను పైకొచ్చేది మీ దీపం కోసం. నల్ల ఊలుకి కింద వెలుతురు చాలదు.”

“ముందే చెప్పొచ్చుగా! దీపం నేను కొనిస్తాను. ఒకసారి కొంటే అయిపోతుంది, నెలనెలా ఏడిపించదు.”

బల్ల కింద అతని కాలు తన్నాను. “ఏంటి?” అని అడిగాడు, పైకే. ఐవిన్‌తో ఇదే చిక్కు. అతనికి చెవిలో చెప్పిన మాట నోట్లో నిలవదు. “అమ్మా, నువ్వు ఒంటరిగా ఉండకూడదని టూరున్ అంటోంది” అని ఆ బల్ల దగ్గరే అనేస్తాడు. ఆ తర్వాత గిన్నెలు కూడా పైకి రావు. అందుకే నోరు మూసుకుని జామ్ అందించాను.

సోమవారం దీపం వచ్చింది. మెడ వంచే మంచి దీపం. ఐవిన్ దాన్ని కింద కుర్చీ పక్కన బిగించి, తృప్తిగా చేతులు దులుపుకుంటూ పైకి వచ్చాడు. ఆ సాయంత్రం బోర్గిల్ రాలేదు. సీరియల్లో ఇంక ఒక్క చివరి భాగమే మిగిలింది. నేను పెట్టలేదు. టీవీ కట్టేసి, అప్పటికే ఇస్త్రీ చేసిన దిండు గలీబుల్ని మళ్ళీ ఇస్త్రీ చేశాను. కింద కిటికీలోంచి మంచు మీద పడుతున్న కొత్త వెలుగు కనిపిస్తూనే ఉంది. మంగళవారం కూడా అంతే.

బుధవారం మేం బయలుదేరాలి. మధ్యాహ్నం కారులో నారింజలూ దుప్పట్లూ సర్దుతుండగా బోర్గిల్ పైకి వచ్చారు, సరైన కారణంతోనే. స్వెటర్ ఒళ్ళు భాగం పూర్తయింది. చేతుల కోసం పక్కలు కత్తిరించే ముందు వెడల్పు ఒకసారి చూసుకోవాలి. సూది తీసేసి పై అంచు కుట్లన్నీ ఒక పొడుగు దారానికి ఎక్కించుకొచ్చారు. అప్పటికి అది రెండువైపులా తెరిచి ఉన్న గొట్టంలా ఉంది.

“చేతులు పైకెత్తరా.”

ఐవిన్ చేతులెత్తాడు. ఆవిడ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని కిందికి లాగాం. కింది అంచు తల దాటింది, భుజాలు దాటింది, ఛాతీ మీదికి దిగింది. అక్కడ ఆగిపోయింది. కాస్త గట్టిగా లాగాం. మధ్య భాగం భుజాల దగ్గర బిగుసుకుని, కిందికీ రాలేదు, పైకీ పోలేదు. గొట్టంలోంచి రెండు చేతులు మాత్రం కొమ్మల్లా పైకి ఉన్నాయి. తల లోపలే ఉండిపోయింది.

“అమ్మా, నేను లావయ్యానా?” లోపలినుంచి గొంతు.

“కదలకు. కుట్లు జారిపోతాయి.”

అప్పుడు అతని ప్యాంటు జేబులో ఫోన్ మోగింది.

“అదే, రద్దు అలారం. టూరున్, ఫోన్ తీసి ఆ పని కాస్త కానిచ్చేయవూ? నా చేతులు ఖాళీగా లేవు.”

ఫోన్ తీశాను. అది రెండుసార్లు నొక్కించుకుని, ‘నిజంగానే వెళ్ళిపోతున్నారా?’ అని అడిగింది. బోర్గిల్ నావైపు చూడలేదు. కిటికీ బయట కారు వైపు చూస్తున్నారు, పెదవులు బిగించి.

నేను ఫోన్ పట్టుకున్న చేత్తో కాకుండా రెండో చేత్తో స్వెటర్ తడుముతున్నాను, ఎక్కడ పట్టేసిందో చూద్దామని. కింది అంచు దగ్గర అల్లిక ఎప్పట్లాగే మెత్తగా, సమంగా ఉంది. కొంచెం పైకి వచ్చేసరికి బెత్తెడు మేర గట్టిగా, అట్టలా తగిలింది. దాని పైన మళ్ళీ మెత్తన. ఇంకా పైన, సన్నగా మరో గట్టి పట్టీ. ఇలాంటి అల్లిక బోర్గిల్ చేతిలోంచి రావడం నేనెప్పుడూ చూడలేదు. కింది అంచు ఆవిడ అల్లిక సంచీతో వచ్చిన మొదటి సాయంత్రానిదని గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్ళాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

“బోర్గిల్, ఒకసారి ఇక్కడ చెయ్యి పెట్టండి.”

పెట్టారు. ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ తడిమారు.

“ఇది కెప్టెన్ని నీళ్ళలోకి తోసిన సాయంత్రం కదూ?” అన్నాను.

నా వేళ్ళు ఇంకొంచెం పైకి జరిపాను.

“ఈ పైది, పోలీసావిడ నేలమాళిగలో ఇరుక్కున్నది.”

“ఏంటి మాట్లాడుకుంటున్నారు? ఎవరు ఇరుక్కున్నారు? ఇరుక్కున్నది నేను” అన్నాడు ఐవిన్.

“నువ్వు నాలుగో భాగంలో ఇరుక్కున్నావు. మీ అమ్మ చూడకుండా విన్నది” అన్నాను.

గొట్టం కుదుపులు మొదలుపెట్టింది. లోపల నవ్వుతున్నాడు. బోర్గిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఎక్కువ మాట్లాడానేమో, ఈ క్షణమే స్వెటర్ ఊడబీకి దిగిపోతారేమో అని భయం వేసింది. ఫోన్ ఇంకా అడుగుతూనే ఉంది, నిజంగానేనా అని.

ఆవిడ ఆ గట్టి పట్టీని బొటనవేలితో రుద్దారు, మరక పోతుందేమో చూసినట్టు.

“విప్పాలి. ఇంతవరకూ మొత్తం విప్పి మళ్ళీ అల్లాలి. ఇంకో నెల పని.”

“పర్వాలేదమ్మా, పాత స్వెటర్ వేసుకుంటాను.”

“నువ్వు మాట్లాడకురా. కుట్లు కదుల్తున్నాయి.” తర్వాత నావైపు తిరిగారు. “ఆ చివరి భాగం ముందు కానిచ్చేయాలి. అది మిగిలుంటే చేతులు బిగుసుకునే ఉంటాయి. ఆ తర్వాత ఏదైనా చప్పటిది కావాలి. అందులో డేనిష్‌వి ఉంటాయా?”

“బోలెడు. ఒకటుంది, పాస్టరూ తేనెటీగలూ.”

“మాటలు అర్థమవుతాయా?”

“ఒక్క ముక్క కాదు.”

“అయితే అదే. ఊలు వదులుగా పారుతుంది.”

“మరి నేను కొన్న దీపం?” అన్నాడు ఐవిన్.

“దీపం బాగానే ఉందిరా. దీపానికి డేనిష్ రాదుగా.”

నేను ‘వద్దు, ఉంటాం’ అన్న చోట నొక్కి, ఫోన్ అతని జేబులో పెట్టేశాను.

“ఏం నొక్కావు?”

“స్వెటర్ అయ్యేదాకా ఉంచాను. ఇది మీ అమ్మ పనిముట్ల ఖర్చు కింద రాసుకో.”

అతను గొట్టంలో కాసేపు ఆలోచించాడు. “సూదుల్లాగా అన్నమాట.”

“అచ్చం సూదుల్లాగే.”

“సూదులైతే సరే” అన్నాడు. “ఇప్పుడైనా నన్ను బయటికి తీయండి.”

ప్రయాణం మర్నాటికి వాయిదా పడింది. ఐవిన్ కారులోంచి నారింజలు వెనక్కి తెచ్చి వలిచిపెట్టాడు. నేను చేతులు చాచి కూర్చున్నాను, బోర్గిల్ స్వెటర్ విప్పుతూ ముడతల ఊలుని నా చేతులకి చుట్టారు. టీవీలో చివరి భాగం నడుస్తోంది, పోలీసావిడ దీవి అంతా తిరిగి హంతకుణ్ణి పట్టుకుంది. తపాలా కార్యాలయం మనిషి. బోర్గిల్ విప్పడం ఆపకుండానే, “వీడిది మిషన్ మీద అల్లిన స్వెటర్. మొదటిరోజే అనుకున్నాను” అన్నారు.

“ఎప్పుడనుకున్నావమ్మా? నువ్వు చూడట్లేదుగా?” అన్నాడు ఐవిన్.

“నారింజ వలువు.”

అన్నీ అయ్యాక ఆవిడ ఊలు ఉండలు సంచీలో పెట్టుకుని, వంగి ఇంటి చెప్పులు విడిచారు. వాటిని చేతిలోకి తీసుకుని సంచీలోకి చూశారు. ముడతల ఊలు ఉబ్బి అది నిండిపోయి ఉంది. కొంచెం నొక్కితే చెప్పులు పట్టేవి. ఆవిడ నొక్కలేదు. వాటిని మా బల్ల కింద, నా చెప్పుల పక్కన సర్ది, మేజోళ్ళతోనే మెట్లు దిగిపోయారు.